సబ్బును పట్టుకునే ఉపాయం

ఎజ్రా మేబ్రీని నేలకు ఆనించిన మగవాడు మా జిల్లా మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. ఈ వాక్యం రాస్తున్నది అతని చెయ్యే. పెద్ద పెద్ద కాలేజీలవాళ్ళు మాంసం పెట్టి పెంచిన కుర్రాళ్ళు, తలుపుచెక్కల్లాంటి భుజాలున్నవాళ్ళు, ఎజ్రా చొక్కా అంచు వేలికి తగిలితేనే ఇంటికి ఫోను చేసి చెప్పుకుంటున్న ఈ రోజుల్లో, హోసియా టిబ్స్ అనే నేను, మోకాళ్ళనొప్పుల మనిషిని, అతన్ని ఒంటిచేత్తో పడగొట్టాను. నమ్మటం మానినా చదవటం మానకండి.

పోయినవారం ఇదే పత్రికలో మనం వెర్లీన్ మేబ్రీని చేపల హోటల్ గుమ్మంలో నిలబెట్టి ఎవరి ఇళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆ పెద్దావిడ అప్పటినుంచీ అక్కడే నిలబడి ఉంది. లోపలికి రానిద్దాం.

నడుమలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మా ఊరి వీట్లీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేరు కంచరగాడిదలు. పేరుకు తగ్గట్టు ఈ ఏడాది ఎక్కడ నిలబెడితే అక్కడే ఉంటున్నారు. మన కథలో ఇంకా గురువారమే. శనివారం మా మైదానానికి బెల్‌ఫోర్డ్ కాలేజీ వస్తోంది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ ఎజ్రా, అంటే బంతి అందుకుని తనవాళ్ళకి విసిరేవాడు, లేదా చంకన పెట్టుకుని మైదానం చివరి గీత దాటి పాయింట్లు తెచ్చేవాడు. మా ఊరివాడే. పసితనం నుంచీ ఎవరి చేతికీ చిక్కడు కనక ఊరంతా సబ్బు అంటుంది. అతన్ని పెంచిన నాయనమ్మ వెర్లీన్. హైస్కూలు అయ్యాక ఎజ్రా మా కాలేజీకే వస్తానన్నాడు. మా కోచ్ డ్రిస్కల్ కిందనుంచి మీదిదాకా చూసి, "పొట్టివాడివి. బంతి విసిరే పని నీది కాదు. ఎవరో విసిరితే పట్టుకునే పని నేర్చుకో, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఎజ్రా థాంక్యూ చెప్పి బెల్‌ఫోర్డ్ బస్సెక్కాడు.

ఇప్పుడు ఆ పొట్టివాడు తిరిగి వస్తున్నాడు. వరసగా ఓడుతున్న డ్రిస్కల్ ఇంటి ముందు గడ్డిలో పోయిన ఆదివారం ఎవరో "ఈ ఇల్లు అమ్మబడును" అని బోర్డు పాతారు. మా వైపు కోచ్‌లకి వీడ్కోలు చెప్పే మర్యాద అది. ఇంకా దిగనివాడికి ముందే మూట కట్టిపెడతాం.

గురువారం సాయంత్రాలు చేపల హోటల్లో కోచ్ రేడియో కార్యక్రమం జరుగుతుంది. కోచ్ చెవులకి డిప్పలు తగిలించుకుని నిమ్మకాయ ముక్కల పళ్ళెం ముందు కూర్చుంటాడు. జనం ఒకరి వెనక ఒకరు మైకు దగ్గరికి వెళ్ళి మనసులో ఉన్నది కక్కుతారు. జిల్లా మొత్తం వింటుంది. పత్తి చేలలో ట్రాక్టర్లు ఆపుకుని వింటారు, పొయ్యి ముందు గరిటె ఆపుకుని వింటారు. దానికో నియమం ఉంది. ఏం తిట్టదలచుకున్నా ముందు, "కోచ్ గారూ, మీరంటే మాకు ఎంతో గౌరవం" అనాలి. ఆ మాటన్న తరవాత కోచ్ వంశాన్ని పందికొక్కులతో పోల్చినా ఎవరూ ఏమీ అనుకోరు.

వెర్లీన్ లోపలికి వచ్చేసరికి హోటల్ అంతా ఆవిడ ఒంటిమీది స్వెట్టరు వంక చూసింది. మెరూన్ రంగు. మా కాలేజీ రంగు. ఆవిడ జుట్టు నల్లగా ఉన్న రోజులనుంచీ మ్యాచ్ ఉన్న వారమంతా అదే స్వెట్టరు. మనవడు అవతలి జట్టులో ఉన్నాడని ఈ వారమూ మార్చలేదు.

"వెర్లీనక్కా, శనివారం ఎటువైపు?" అని తపాలా లోరెట్టా అడిగేసింది. జీపులో ఊరూరా ఉత్తరాలు పంచే మనిషి, నోట్లో ఏదీ ఆగదు.

"చేప వైపు," అంది వెర్లీన్, వంటింటి తలుపు పక్కన తన మామూలు కుర్చీలో కూర్చుంటూ. "తోకముక్క చెప్పు. కరకరలాడాలి."

మళ్ళీ మా బల్ల మీద యుద్ధం మొదలైంది. మిరపకాయ సాసు సీసా ఎజ్రా. మొక్కజొన్న బోండాలు మావాళ్ళు. సేనాధిపతులు ముగ్గురు: లోరెట్టా, మాంసం కొట్టు బక్ స్టాలింగ్స్, మా చర్చి డీకన్ ప్రూయిట్. బక్ మేనల్లుడు కోల్ మా జట్టులో కుడి అంచున కాపలా ఉంటాడు కనక బక్ గొంతు మిగతావాళ్ళకన్నా పెద్దది.

"అందరూ ఒక్కసారే మీద పడాలి!" అంటూ బక్ బోండాలన్నీ సీసా మీదికి తోశాడు. "ఊపిరి తీసుకోనివ్వకూడదు."

డీకన్ ప్రూయిట్ రెండు వేళ్ళతో సీసాను ఎత్తి బోండాల వెనక పెట్టాడు. "పడ్డారు. ఇప్పుడు వీళ్ళ వెనక ఎవరున్నారోయ్?"

"వెనక దేవుడున్నాడు."

"దేవుణ్ణి బెల్‌ఫోర్డ్ వాళ్ళు కూడా ప్రార్థిస్తారు బక్కూ. పారిపోయిన పందిపిల్లని తరుముతావా? తరిమితే పక్క జిల్లాలో తేలుతుంది. రెండు పక్కలా ఇద్దరు నిలబడి, తలుపు మూసినట్టు నెమ్మదిగా నడుచుకుంటూ రావాలి. దారి కనపడకపోతే మధ్యలో నిలబడి విసురుతాడు. విసురుకోనీ."

"విసిరితే బంతి వెళ్ళి మనవాడి చేతిలో పడుతుందనుకున్నారా?" అంది లోరెట్టా. "వాడి చెయ్యి చూశారా మీరు? నేను ఉత్తరం వేసినంత సూటిగా వేస్తాడు. నా మాట వినండి. మనవాళ్ళలో ఒకణ్ణి వాడికే అంకితం చెయ్యాలి. బంతి ఎటుపోతే నాకేం, సబ్బు ఎటు చూస్తే నేనటు చూస్తా, అన్నట్టుండాలి."

"ఎవరా ఒక్కడు?"

"మీ కోల్."

బక్ బుగ్గ గోక్కున్నాడు. "మావాడు మంచి పిల్లాడే. కాని ఆ సబ్బుగాడు భుజం అటు ఊపి కాలు ఇటు వేశాడంటే, మావాడి బూట్ల తాళ్ళు వాటంతటవే ఊడిపోతాయి."

"ఊడిపోవూ మరి!" అంది లోరెట్టా ముందుకు వంగి. "చిన్నప్పుడు నా జీపుతో పందెం వేసేవాడు. వాడి వెనక వీధికుక్కలన్నీ పడేవి. కాసేపటికి చూద్దును కదా, కుక్కలు అలిసిపోయి నా జీపులో ఎక్కి కూర్చునేవి. వాడు ముందెక్కడో దుమ్ములో."

"పోయిన నెల మ్యాచ్‌లో చూడలేదూ," అని డీకన్ అందుకున్నాడు, సీసాను ముద్దుగా పట్టుకుని. "నలుగురు చుట్టూ మూగారు. ఒకడి చంక కిందనుంచి ఇలా వంగి, ఇలా తిరిగి... వాళ్ళు నలుగురూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని పడ్డారు. తీరా చూస్తే వాడు గీత దాటి, బంతి అంపైరు చేతికిచ్చి, 'ఇదిగోండి సార్' అన్నాట్ట."

మా ఆలోచన ప్రతిసారీ ఇక్కడికే వచ్చి ఆగేది. ఆపటం ఎలాగా అని మొదలుపెట్టి, ఆగనందుకు మురిసిపోవటంలో తేలేవాళ్ళం. మా కోట మీదికి దండెత్తి వచ్చేవాడు మా పెరటి పిల్లాడైతే ఇంకేం చేస్తాం!

"ఇదేమిటి, కుడి అంచువాడేడీ?" డీకన్ బల్లంతా వెతికాడు.

బక్ దవడలు కదులుతున్నాయి. "తిన్నాను. వేడిగా ఉన్నాడు."

"అదీ మన జట్టు సంగతి," అంది లోరెట్టా.

అప్పటికి మైకు దగ్గర వరస నా వంతుకి వచ్చింది. లేచాను. నా పాపం అంతా ఆ లేవటంలోనే ఉంది. మా వైపు గొప్పలు చెప్పుకోవటం తప్పు కాదు, గొప్పలు చెప్పలేకపోవటం తప్పు. కాని మైకు ముందు చెప్పిన గొప్ప మైకులోనే ఉండిపోదు కదా.

"కోచ్ గారూ, మీరంటే మాకు ఎంతో గౌరవం," అన్నాను. "ఈ హోటల్లో అందరూ సబ్బుని ఎలా ఆపాలా అని తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. నన్నొక్కణ్ణి అడగరు. ఆ కుర్రాణ్ణి నేలకు ఆనించినవాణ్ణి నేను."

జనం కేకలేశారు. ఈ గొప్ప వాళ్ళు వెయ్యిసార్లు విన్నారు. డ్రిస్కల్ మాత్రం వినలేదు. అతను చెవి డిప్ప ఒకటి పక్కకి జరిపి నావైపు వంగాడు. కళ్ళకింద నల్లగా ఉంది. రాత్రుళ్ళు నిద్రపోతున్న మనిషి మొహం కాదది.

"ఎలా?" అన్నాడు.

ఇప్పుడు మీకో నిజం చెప్పాలి. ఎజ్రాకి ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో చర్చి వనభోజనాల్లో నా పళ్ళెంలోంచి కోడికాలు ఎత్తుకుపోయాడు. తరిమాను. బల్లల కిందనుంచి, పాటగాళ్ళ మధ్యనుంచి, ప్రార్థన చేస్తున్న ఈ డీకన్ గారి కాళ్ళ సందునుంచి పోయాడు. నేను గుడారం తాడు తట్టుకుని బోర్లా పడి "చచ్చానురో" అని అరిచాను. అంతే, ఆగిపోయాడు. వెనక్కి వచ్చి నా పక్కన గొంతుకూర్చుని, "తాతా, దెబ్బ తగిలిందా?" అని, కొరికిన కోడికాలు నా నోటికి అందించాడు. తరవాత నా చెయ్యి పట్టుకుని లేవదీశాడు. ఆ రోజు నేలకు ఆనింది ఎవరో మీరే చూసుకోండి. పైన నేను రాసుకున్న గొప్ప ఇక్కడితో సరి. హాయిగా చెరిపేసుకోండి.

కాని ఆ కథ డ్రిస్కల్‌కి చెబితే ఏమవుతుంది? బెల్‌ఫోర్డ్ వాళ్ళని వణికించలేనివాడు, ఇంటి ముందు బోర్డు మొలిచినవాడు, ఇది వింటే ఏం చేస్తాడు? తన కుర్రాళ్ళలో ఒకణ్ణి పిలిచి, "నువ్వు పడి కేక వెయ్యి," అంటాడు. ఎజ్రా ఆగుతాడు. ఆగిన ఎజ్రాని ఎవరైనా పడగొట్టగలరు. అతని కాళ్ళలో లోపం లేదు, కళ్ళలో లోపం లేదు. పట్టు దొరికేది ఆ మంచితనం దగ్గరే.

వంటింటి తలుపు పక్కకి చూశాను. వెర్లీన్ ఫోర్కు కింద పెట్టేసింది.

నాకు ఇలాంటి వేళల్లో ఆదుకునే మిత్రుడు ఒక్కడే. అబద్ధం.

"ఎలాగంటే కోచ్ గారూ," అన్నాను, "ఆ పిల్లాడు ఎంత జోరుగా పరుగెడతాడంటే, అతని నీడ అతనితో సమంగా రాలేదు. చాలా వెనక, రొప్పుకుంటూ వస్తుంది. నేను అతని జోలికి పోలేదు. నీడ వచ్చేదాకా ఆగి దాని మీద కూర్చున్నాను. సాగింది, సాగింది, చర్చి నుంచి వంతెన దాకా సాగింది. తరవాత పట్‌మని వెనక్కి లాగితే వచ్చి నా ఒళ్ళో పడ్డాడు. శనివారం మీరు చెయ్యాల్సిందల్లా ఎండ ఉండేట్టు చూసుకోవటం."

హోటల్ విరగబడి నవ్వింది. రేడియో ఆయన బల్ల కొట్టాడు. డ్రిస్కల్ నవ్వలేదు.

"టిబ్స్ గారూ," అన్నాడు మెల్లగా, "మా అమ్మాయి పొద్దున బడికి వెళుతూ ఆ బోర్డు చదివింది. మనం ఎక్కడికి వెళ్తున్నాం నాన్నా అని అడిగింది. మీకు తెలిసింది నిజంగా చెప్పండి."

నేను నీడను ఇంకాస్త సాగదీద్దామనుకున్నాను. కాని మా బల్ల దగ్గర డీకన్ ప్రూయిట్ లేచి నిలబడ్డాడు. మంచి మనిషి. పవిత్ర గ్రంథం తప్ప ఇంకేదీ సాగదీయనివ్వడు. చర్చి వనభోజనం గురించి రేడియోలో అబద్ధం చెబుతుంటే ఆయన ఊరుకోలేకపోయాడు.

"హోసియా! సిగ్గులేదూ! నేనక్కడే ఉన్నాను. పడింది నువ్వు! నువ్వు పడి అరిస్తే ఆ పిల్లాడు పాపం ఆగి వెనక్కి వచ్చి..."

అక్కడ ఆయనకి తెలిసింది తను ఏం చెప్పాడో. నోరు మూసుకున్నాడు. కాని మాట మైకులోంచి దూకి అప్పటికే పత్తి చేలు దాటిపోయింది. డ్రిస్కల్ కళ్ళలో ఏదో వెలిగి, వెంటనే తగ్గింది. తెలివైనవాడు. రెండో ప్రశ్న అడగలేదు.

వెర్లీన్ లేచింది. బల్లల మధ్యనుంచి నడిచి వచ్చింది. "తప్పుకో హోసియా," అంది. "అబద్ధాలాడి అలిసిపోయావు. కూర్చో."

మైకు అందుకుంది. గౌరవం మాట కోసం అందరం ఎదురుచూశాం. ఆ మాట అనలేదు.

"డ్రిస్కల్ గారూ, మీరడిగినదానికి నేను చెబుతాను. పెంచినదాన్ని కనక నాకు తెలుసు. మా ఎజ్రాని ఆపటం చాలా తేలిక. ఎవరైనా దెబ్బ తగిలి కేకేస్తే ఆగుతాడు. గీత ఇంకో అంగలో ఉన్నా ఆగుతాడు. హైస్కూల్లో ఒకసారి ఆగాడు. అవతలి జట్టు పిల్లాడి మోకాలు పోయి అరిచాడు. వీడు బంతి కింద పెట్టేసి వెనక్కొచ్చాడు. మ్యాచ్ పోయింది. ఇంటికొచ్చాక నేనేమీ అనలేదు. పీచ్ పళ్ళ తీపి రొట్టె ఇంకో ముక్క పెట్టాను."

బక్ ఉండబట్టలేక అడిగాడు. "అదేమిటక్కా, ఈ ఆటలో అందరూ పడుతూనే ఉంటారు గదా. పడ్డ ప్రతివాడి కోసం ఆగితే వాడు ఇంటినుంచి మైదానం దాకా కూడా రాలేడు."

"పడటం వేరు బక్కూ, కేక వేరు. నువ్వు మాంసం కొట్టేవాడివి. వేలు తెగినవాడి కేకకీ, పని తప్పించుకుందామని వేసే కేకకీ తేడా నీకు తెలుసు. వాడికి తెలీదు. చిన్నప్పటినుంచీ తెలీదు. వాడికి ఏ కేకైనా నిజమే."

ఆవిడ మళ్ళీ డ్రిస్కల్ వైపు తిరిగింది.

"ఇప్పుడు మీకు తెలిసింది," అంది వెర్లీన్. "మీకే కాదు, జిల్లా అంతటికీ తెలిసింది. శనివారం నేను ఈ స్వెట్టరే వేసుకుని, నా చోట్లోనే కూర్చుంటాను. మీ కుర్రాళ్ళు ఎవరైనా కేకేశారంటే, జనం ఎజ్రా వంక చూడరు. ఆ పడ్డవాడి మోకాలి వంక చూస్తారు. తరవాత మీ వంక చూస్తారు. మీరంటే నాకు గౌరవం ఉందో లేదో అప్పుడు చెబుతాను."

మైకు రేడియో ఆయన చేతిలో పెట్టి వెళ్ళి తోకముక్క ముందు కూర్చుంది. డ్రిస్కల్ చెవి డిప్పలు తీసి నిమ్మముక్కల పళ్ళెం పక్కన పెట్టాడు. నోరు తెరిచాడు. ఏం చెప్పేవాడో గాని, రేడియో ఆయన కంగారులో పశువుల దాణా ప్రకటన వేసేశాడు. అది అయ్యేసరికి కోచ్ కుర్చీ ఖాళీ. జవాబు రాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

బయట కార్ల దగ్గర వెర్లీన్‌ని పట్టుకున్నాను. "నేను ఎంత కష్టపడి అబద్ధమాడాను! ఎందుకు బయటపెట్టావు?"

"ప్రూయిట్ నోరు జారాడుగా. డ్రిస్కల్ సగం విన్నాడు. ఆ సగాన్ని చీకట్లో దాచుకుంటే ఎప్పుడు తీస్తాడో మనకి తెలీదు. ఇప్పుడు నడివీధిలో పెట్టాను. కావాలంటే అందరి ముందూ వంగి తీసుకోవాలి."

"తీసుకుంటే?"

ఆవిడ స్వెట్టరు అంచు సవరించుకుంది. "అప్పుడిది నీకిస్తాను. కారు తుడుచుకో."

శనివారం ఎండ బాగానే కాసింది, నా సలహా పాటించినట్టు. డ్రిస్కల్ మా బల్ల మీది ఉపాయాలన్నీ వాడాడు. బక్ ఉపాయం వాడితే ఎజ్రా ఆ గుంపు పక్కనుంచి, వాన చినుకులు తప్పించుకుని వెళ్ళినట్టు వెళ్ళిపోయాడు. డీకన్ ఉపాయం వాడి తలుపులు మూస్తే, మధ్యలో నిలబడి గింజలు చల్లినంత తేలిగ్గా బంతులు విసిరాడు. లోరెట్టా ఉపాయంతో కోల్‌ని అతనికి అంకితం చేశారు. కోల్ నిజంగా గొప్పగా ఆడాడు. నీడలా వెంట ఉన్నాడు. రెండుసార్లు పడగొట్టాడు కూడా. రెండుసార్లూ ఎజ్రా లేచి అతని వీపు తట్టాడు. మా మెరూన్ జనం కోల్‌కి చప్పట్లు కొట్టి, ఎవరూ చూడట్లేదనుకుని ఎజ్రాకి కూడా కొట్టారు. మేం ముందున్నాం, కాని ఎజ్రా ఒక్కసారి గీత దాటితే తారుమారయ్యేంత కొంచెమే.

చివరి నిమిషాలు. ఎజ్రా బంతి అందుకున్నాడు. ఎడమకి ఊగాడు, కుడికి వచ్చాడు. మా మొదటి వరస గడ్డి కరిచింది. ఎదురుగా కోల్. భుజం అటు, కాలు ఇటు. ఎజ్రా దాటిపోయాడు. ముందు ఖాళీ గడ్డి, దాని చివర తెల్ల గీత. మావాళ్ళు వెనకనుంచి వస్తున్నారు, కాని మామూలుగా అయితే అందుకోలేరు. మైదానమంతా లేచి నిలబడింది. ఏ రంగువాళ్ళు ఎవరి కోసం అరుస్తున్నారో తెలీలేదు.

అప్పుడు కోల్ కేకేశాడు.

గడ్డిలో ముడుచుకుని మోకాలు పట్టుకుని ఉన్నాడు. అంతమంది అరుపుల్లో ఆ కేక ఒక్కటే విడిగా వినపడింది. నా పక్కన బక్ మొహం తెల్లబోయింది. మేనల్లుడికి దెబ్బ తగలకూడదని మొక్కాలా, తగిలే ఉండాలని మొక్కాలా, పాపం అతనికే తెలీలేదు. మైదానం పక్కగీత అవతల డ్రిస్కల్ కదలకుండా నిలబడ్డాడు. వెర్లీన్ చెయ్యి మెల్లగా లేచి స్వెట్టరు పై బొత్తాం మీద ఆగింది.

ఎజ్రా వెనక్కి తిరిగి చూశాడు.

ఇక్కడ ఆపక తప్పదు, పత్రికలో నా చోటు అయిపోయింది. కాని ఒక మాట ఒప్పుకుని పోతాను. ఈ వారం మీకు రాసినదాంట్లో నేను కల్పించింది ఒకే ఒక్కటి. నీడ సంగతి అనుకునేరు. అది కోచ్‌కి చెప్పిన అబద్ధం, మీ ఖాతాలో రాయకండి. కల్పించింది ఆ చివరి వాక్యం. కథకి బాగుంటుందని పెట్టాను. ఎజ్రా వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరు పడ్డారో, ఎందుకు అరిచారో చూసి తేల్చుకునేవాడైతే అతను మా సబ్బు ఎందుకవుతాడు?

చూడకుండానే ఆగాడు.